ఏడు చోట్ల దిద్దిన పాట

తొబినౌరా రేవులో కిసాబురో సాధించినవి చెప్పుకుంటూ పోతే పొద్దు గూకుతుంది. అయినా చెప్పవలసిందే, లేకపోతే ఈ కాలం వాళ్లకి ఎవరు చెబుతారు? రేవు పండుగకి ఏటా ఆడామగా గుండ్రంగా తిరుగుతూ పాడే పాట అతను కట్టిందే. కొండ మీది బడిలో పిల్లలు పొద్దున్నే పాడే గీతంలో రెండో చరణం అతనిదే. మొదటి చరణం టోక్యో నుంచి వచ్చిన ఒక పండితుడు రాశాడు, కానీ పిల్లలకి నోటికి వచ్చేది రెండోదే. చేపల సహకార సంఘానికి డెబ్భై ఏళ్లు నిండినప్పుడు గేటు దగ్గర నిలబెట్టిన రాతి మీద చెక్కిన నాలుగు పంక్తులూ అతనివే. జిల్లా నుంచి రెండు, పురపాలక సంఘం నుంచి ఏడు, మొత్తం తొమ్మిది ప్రశంసాపత్రాలు. ఆ తీరం పొడుగునా ఎనిమిది రేవులుంటే, సంగీతం వినిపిస్తూ తెర మీద మాటలు చూపే కరవోకె యంత్రంలోకి పాట ఎక్కినవాడు ఇతనొక్కడే. అన్నిటికీ మించి, తొబినౌరాలో రెండు వందల పైచిలుకు పెళ్లిళ్లలో పాడిన పెళ్లిపాట అతనిది. చదివింది తొమ్మిదేళ్లు. ఆ తర్వాత చేతికొచ్చింది సుత్తి.

ఇన్ని పెళ్లిళ్లకు పాట ఇచ్చిన మనిషికి పెళ్లి మాత్రం కాలేదు. ఎందుకు కాలేదో రేవులో ఒక్కొక్కరు ఒక్కో కథ అల్లారు. తాగుడన్నారు, ఆడపిల్లలంటే భయమన్నారు, తల్లి చూసిన సంబంధాలన్నిటికీ వంకలు పెట్టాడన్నారు. అవేవీ కావు.

అతనికి ఇరవై అయిదేళ్లప్పుడు రేవులో చేపలన్నీ చెక్కపెట్టెల్లోనే పోయేవి. పెట్టెల కొట్టులో నలుగురు పనివాళ్లు. పైన్ చెక్క కోయడం, మేకులు కొట్టడం, పేర్చడం, ఇదే పని. మేకులు నోట్లో పెట్టుకుని పెదవుల మధ్య నుంచి ఒక్కొక్కటే తీసి కొట్టేవారు. కొట్టు ఎదురుగా స్తంభానికి సంఘం వాళ్ల లౌడ్‌స్పీకరు ఉండేది. పొద్దున ఆరింటికి అందులో మిసావో గొంతు వచ్చేది.

మిసావో సంఘం ఆఫీసులో వైర్‌లెస్ గదిలో పనిచేసేది. సముద్రం మీదున్న పడవలు గాలి ఎటుందో, అల ఎంత ఎత్తుందో వైర్‌లెస్‌లో చెబితే, ఆ వివరాలు రాసుకుని రేవంతటికీ వినబడేలా చదివేది. "గాలి ఈశాన్యం. అల మీటరున్నర." అంతే. అందులో ప్రేమించడానికి ఏముందని అడిగితే ఎవరు చెప్పగలరు? కిసాబురో మాత్రం ఆరు కాకముందే సుత్తి కింద పెట్టేవాడు. మేకు మీద దెబ్బ పడితే ఒక మాట వినబడకుండా పోతుందని.

అప్పుడే పాటలు కట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో రేడియో తిప్పితే చాలు, ఏకపక్ష ప్రేమ పాటలే. నువ్వు నన్ను చూడవు, నేను నిన్ను తప్ప చూడను, వాన పడుతోంది, రైలు పోతోంది. దేశమంతా ఆ పాటలకి కళ్లు తుడుచుకుంటోంది. పాటలు రాసేవాళ్ల కోసం టోక్యోలో ఒక నెలపత్రిక ఉండేది. కొత్తవాళ్లు పాట పంపితే తప్పులు దిద్ది పంపేవారు. కిసాబురో మొదటి పాటకి వచ్చిన జవాబు ఇది: "మగవాడు ఏడిస్తే రికార్డు అమ్ముడుపోదు. నీ ఏడుపుకి ఆడవాళ్ల కిమోనో కట్టి పంపు."

ఇక్కడొక సంగతి చెప్పాలి. మన తెలుగులో ఆడైనా మగైనా 'నేను' అంటే సరిపోతుంది. అక్కడ ఆడమనిషి 'నేను' వేరు, మగవాడి 'నేను' వేరు. పాటల్లో ఆడమనిషి తనను 'అతాషి' అనుకుంటుంది. రేవులో మగవాడు 'ఒరె' అంటాడు. తెలుగు చెవికి అది ఎవణ్ణో కేకేసినట్టుంటుంది గానీ, తనను తాను చెప్పుకునే మాటే. ఆ ఒక్క మాటతోనే పాట ఆడదో మగదో తేలిపోతుంది. అందుకని కిసాబురో తన దుఃఖమంతా 'అతాషి' అని రాయడం నేర్చుకున్నాడు. ఆడది ఏడుస్తుంది, మగవాడు తిరిగి చూడడు. నిజానికి ఏడ్చేవాడు పెట్టెలు కొట్టేవాడు, తిరిగి చూడనిది వైర్‌లెస్ గదిలో ఉన్నది.

కొట్టులో తోటివాళ్లకి ఈ సంగతి తెలిసి ఊరుకుంటారా?

"ఏమ్మా కిసాబురో, ఇవాళ ఎవడు వదిలేశాడే నిన్ను?"

"కళ్లు వాచినట్టున్నాయి, తల్లీ. కాస్త పౌడరు రాసుకో."

నోట్లో మేకులుండేవి కాబట్టి అతను జవాబు చెప్పేవాడు కాదు.

అతని చేతివ్రాత ఘోరం. పత్రిక వాళ్లు ఒకసారి చదవలేక తిప్పి పంపారు. రేవులో ముత్యాల్లాంటి రాత ఎవరిదంటే మిసావోదే. గుండె రాయి చేసుకుని కాగితం పట్టుకెళ్లాడు.

"కిసా సాన్, ఇవి అక్షరాలా, పీతలు నడిచిన జాడా?" అంది. 'సాన్' అంటే మన 'గారు'.

"పీతలే. చదవడం వచ్చినవాళ్లకి అక్షరాలు."

"టోక్యో వాళ్లకి పీతలు చదవడం రాదు. ఇలా ఇవ్వండి, నేను రాసిపెడతాను."

అలా మొదలైంది. నెలకి ఒక పాట. గళ్ల కాగితం మీద, గడికి ఒక్క అక్షరం చొప్పున, నల్లసిరాతో ఆమె ఎత్తి రాసేది. అతను తపాలా పెట్టెలో వేసేవాడు. ఇచ్చినప్పుడల్లా ఆమె అనేది: "ఆడదాని మనసు మీకు ఇంత బాగా ఎలా తెలుసండీ? కొంపదీసి కిందటి జన్మలో ఆడపిల్లా?" అతను నవ్వేసేవాడు. 'ఎవరి గురించి రాశారు?' అని అడుగుతుందేమోనని ఏడాదిన్నర ఎదురుచూశాడు. అడగలేదు.

చివరికి అతనే తెగించాడు. ఆ ఏడాది శరత్కాలంలో ఒక పాట కట్టాడు. పత్రిక చెప్పింది పక్కన పెట్టి, 'ఒరె' అని రాశాడు. ఏడు చోట్ల.

గాలి చెప్పావు, అల చెప్పావు,
ఒరె సంగతి చెప్పనే లేదు.
తెగిన తాడు చేత పట్టుకుని ఒరె
విడిచిపోయే పడవను చూస్తున్నాను.

రేవులో గాలి, అల సంగతులు చెప్పే గొంతు ఒక్కటే. చదివిన మనిషికి అర్థం కాకపోవడమనేది ఉండదు. కాగితం ఆమె బల్ల మీద పెట్టి, సిరా కూడా ఆరనివ్వకుండా వచ్చేశాడు. ఆ మర్నాడూ ఆ పైరోజూ ఆరింటి లౌడ్‌స్పీకరు కింద నిలబడ్డాడు. గొంతులో ఏదైనా మార్పు వినబడుతుందేమోనని. గాలి వాయవ్యం, అల రెండు మీటర్లు. మార్పేమీ లేదు.

నాలుగో రోజు మిసావోనే పెట్టెల కొట్టుకి వచ్చింది. ఎప్పుడూ రాలేదు అంతకుముందు. అతని పెదవుల మధ్య అయిదు మేకులున్నాయి.

"కిసా సాన్, ఈసారి ఏడు చోట్ల పొరపాటు పడ్డారు," అంది నవ్వుతూ, నలుగురూ వినేలా. "ఆడమనిషి పాటలో 'ఒరె' అని రాసేశారు. పని ఎక్కువై పరధ్యానంలో పడ్డారేమో! అన్నీ 'అతాషి' అని దిద్దేశాను."

పక్కనున్నవాడు పకపకా నవ్వాడు. "చూశావమ్మా కిసాబురో, మగపిల్లాడి వేషం వేద్దామనుకుంటే పట్టేసింది!"

అతను మేకులు అరచేతిలోకి ఉమ్ముకునేలోపే ఆమె కాగితం పెట్టె మీద పెట్టి, తలవంచి నమస్కరించి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం చదువుకున్నాడు. 'ఒరె' రెండు మాత్రలు. 'అతాషి' మూడు. ఒక్కచోట మారిస్తే పంక్తి నడక కుంటుతుంది. కానీ ఎక్కడా కుంటలేదు. మాట మారిన ప్రతి పంక్తిలోనూ ఇంకెక్కడో ఒక మాత్ర తీసేసి, లెక్క సరిగ్గా సరిపోయేలా చేసింది. తన పాటలు ఎత్తి రాసీ రాసీ పాట కట్టడం నేర్చేసుకుందే అని మురిసిపోయాడు పిచ్చివాడు. మురిసిపోయాక, నీళ్లు నిండిన కళ్లతో, ఆ కాగితం చింపేసి తన పీత అక్షరాల్తో మళ్లీ రాద్దామని కూర్చున్నాడు. ఆ ముత్యాల రాత మీద గీత గీయడానికి చెయ్యి రాలేదు. అలాగే టోక్యోకి పంపేశాడు.

ఆ పాటే గెలిచింది. కొత్తగా పైకొస్తున్న ఒక అమ్మాయి చేత పాడించి రికార్డు వేశారు. తర్వాతి ఏడాది వసంతంలో అయిదు వారాలపాటు రేడియోలో శ్రోతలు కోరిన పాటల్లో అది మోగింది. తొబినౌరా పేరు దేశమంతా వినబడింది. సంఘం అధ్యక్షుడు కుమగాయ్, కిసాబురోని పిలిచి చేప బొమ్మ వేసిన మద్యం సీసా బహుమానంగా ఇచ్చాడు. ఇంత గొప్ప పని ఆ రేవులో అంతకుముందు ఎవరూ చేయలేదు, ఆ తర్వాతా ఎవరూ చేయలేదు. దాన్ని కాదనేవాళ్లుంటే రమ్మనండి.

పాట పడవల్లోనూ మోగింది. తెత్సుజి అని, పెద్ద పడవ మీద వైర్‌లెస్ చూసే కుర్రవాడు. భుజాలు వెడల్పు, మాట పొదుపు. రోజూ మిసావోకి గాలి, అల వివరాలు చెప్పేది అతనే. 'ఒరె' పోయి 'అతాషి' వచ్చాక పాట ఎవరిదయిందో ఇప్పుడు చూడండి. గాలి చెప్పావు, అల చెప్పావు, ఈ ఆడమనిషి సంగతి చెప్పనే లేదు. పాడే ఆడది ఒడ్డున వైర్‌లెస్ ముందు కూర్చున్నది. చెప్పనివాడు సముద్రం మీదున్నవాడు.

తెత్సుజికి అయిదు వారాలు పట్టింది అర్థం కావడానికి. ఒకరోజు తెల్లవారుజామున, పడవలన్నీ వింటూండగా, వైర్‌లెస్‌లో అన్నాడు: "గాలి దక్షిణం. అల మీటరు లోపే. మిసావో సంగతి... ఒడ్డుకొచ్చాక చెప్తాను."

పడవలన్నీ కూతలు పెట్టాయి. మధ్యాహ్నానికి రేవంతా తెలిసిపోయింది. పెట్టెల కొట్టులో వాళ్లు కిసాబురో వీపు చరిచారు.

"నీ పాటే పెళ్లి కుదిర్చింది కదే తల్లీ! పెళ్లిళ్ల పేరయ్యవి అయిపోయావు!"

మర్నాడే పెళ్లిచూపులు, మరుసటి ఏడాది వసంతంలో పెళ్లి. సంఘం మేడ మీది హాల్లో. కిసాబురోని పెద్దల వరసలో కూర్చోబెట్టారు. ఇరవై ఎనిమిదేళ్లవాడికి అది మర్యాదే. వడ్డన మొదలవబోతుండగా కుమగాయ్ పక్కన వచ్చి చతికిలబడ్డాడు.

"నీ పాట పాడించాలయ్యా. అందరూ అడుగుతున్నారు. కానీ అందులో 'తెగిన' ఉంది. 'విడిచిపోయే' ఉంది. పైగా 'లేదు' ఒకటి. పెళ్లిలో అవి నోట రాకూడదని నీకు తెలియదా?"

"పాడకండి మరి."

"పాడకపోతే ఎలా? ఈ పెళ్లే ఆ పాటది. మార్చెయ్. నీకెంతసేపు?"

"ఎప్పటికి కావాలి?"

"చేపముక్కలు వడ్డించేలోగా."

రాయడానికి కాగితం లేదు. అన్నం తినే పుల్లలకి చుట్టిన కాగితం పొట్లం విప్పి, దాని లోపలి వైపు రాశాడు. 'తెగిన తాడు' 'కట్టిన తాడు' అయింది. 'విడిచిపోయే పడవ' 'ఒడ్డు చేరే పడవ' అయింది. 'చెప్పనే లేదు' దగ్గర కాసేపు ఆగాడు. ఎదురుగా తెల్ల ముసుగులో మిసావో తల వంచుకుని కూర్చుంది. 'చెప్పకనే చెప్పావు' అని రాశాడు. పాట కట్టేవాడిగా చూస్తే అది అతను జీవితంలో చేసిన అన్నిటికన్నా నేర్పైన మార్పు. ఒక్క పంక్తి తడబడలేదు. మంటలో చెయ్యి పెట్టి కూడా లెక్క తప్పలేదు అనుకున్నాడు, గర్వపడ్డాడు, ఆ గర్వం నోటికి చేదుగా తగిలింది.

పెళ్లికూతురి స్నేహితురాళ్లు పాడారు. మిసావో అతనికి మద్యం పోయడానికి వచ్చి, "మీ వల్లే, కిసా సాన్," అంది. అతను చిన్న గిన్నె ఎత్తి పట్టుకున్నాడు.

ఆనాటి నుంచి ఆ రేవులో ఏ పెళ్లయినా అదే పాట. పొట్లం కాగితం మీది మాటలే నిలిచాయి. అసలు పాట రికార్డులో ఉండిపోయింది, రికార్డు అటకెక్కింది. థర్మోకోల్ పెట్టెలు వచ్చి చెక్కపెట్టెల కొట్టు మూతపడింది. కిసాబురో ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. ప్రేమ పాట మళ్లీ రాయలేదు. పండుగ పాట, బడి గీతం, రాతి మీది పంక్తులు, ప్రశంసాపత్రాలు, అన్నీ ఆ తర్వాతివే. రేవు అతని చేత మిగతా అన్నీ రాయించుకుంది.

యాభై ఏళ్లు గడిచాయి. పెళ్లయి యాభై ఏళ్లు నిండిన జంటలకి సెప్టెంబరులో పురపాలక సంఘం సన్మానం చేస్తుంది. ఆ ఏడు ఆరు జంటలు. అందులో తెత్సుజి, మిసావో ఉన్నారు. డెబ్భై ఎనిమిదేళ్ల కిసాబురో ముఖ్య అతిథి. పెళ్లిపాట కట్టినవాడు కదా. చొక్కా మీద గులాబీ రంగు కాగితపు పువ్వు గుచ్చారు.

సభ మొదలవకముందు వరండాలో టీ పాత్ర దగ్గర మిసావో ఒక్కతే ఉంది. లోపల తెత్సుజి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇంజన్ల హోరుకి చెవులు ఎప్పుడో పోయాయి.

"మిసావో సాన్, ఒక్క మాట చెప్పి పోవాలని ఉంది. రేపోమాపో పోయేవాణ్ణి."

"అంతలోనే ఎక్కడికి పోతారు? టీ తాగి పొండి," అని కప్పు అందించింది.

"ఆ పాటలో అది పొరపాటు కాదు. 'ఒరె' అని కావాలనే రాశాను. ఏడు చోట్లా."

ఆమె రెండో కప్పు నింపుకుంది.

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి పంక్తి చదివినప్పుడే. పొరపాటనుకుంటే ఒక చోట దిద్ది మీకు చెప్పేదాన్ని, మిగతావి మీరే దిద్దుకునేవారు. ఆ లెక్కలన్నీ సరిచేయడానికి నాకు మూడు రోజులు పట్టింది, కిసా సాన్. పాటలు కట్టేవారు కదా, మీకు అనుమానం రాలేదా?"

వచ్చింది. యాభై ఏళ్లలో ఎన్నోసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా తలుపు వేసుకున్నాడు.

"ఎందుకలా చేశారు? కాదంటే కాదని చెప్పొచ్చుగా."

"చెప్పడమైతే చెప్పాను. మీ వాళ్లందరి ముందూ చెప్పాను. మీరు వినలేదు. ఇంకొకటి కూడా. ఆ ఒక్క మాట మారిస్తే, అది నేను ఆయనకి చెప్పాలనుకున్న మాటే. నాకు పాటలు కట్టడం రాదు. మీకు వచ్చు. తీసుకున్నాను."

"అడగాల్సింది."

"అడిగితే ఇచ్చేవారా?"

ఇచ్చేవాడే.

"క్షమించమని అడగమంటారా?" అంది ఆమె.

"వద్దు."

"మంచిది. అడగాలని నాకూ లేదు. యాభై ఏళ్లు బాగా బతికాం."

లోపల పేర్లు పిలుస్తున్నారు. ఆమె కప్పు కడిగి బోర్లించి వెళ్లింది.

ఆరు జంటలకీ పుష్పగుచ్ఛాలు ఇచ్చాక, పురపాలక సంఘం ఉద్యోగిని మైకు పట్టుకుని, ఇప్పుడు పెళ్లిపాట, దాన్ని రాసిన పెద్దాయన రెండు మాటలు మాట్లాడతారని చెప్పింది. కిసాబురో లేచాడు. మాట్లాడను, పాడతానన్నాడు. హాలంతా చప్పట్లు. ఆయన నోట పాట ఎవరూ ఎన్నడూ వినలేదు. కరవోకె యంత్రంలో సంగీతం మొదలైంది.

"గాలి చెప్పావు, అల చెప్పావు..."

గొంతు గరగరలాడింది గానీ నిలబడింది. తర్వాత, తెర మీద 'అతాషి' అని అక్షరాలు రంగు మారుతూండగా, ఆయన "ఒరె సంగతి చెప్పనే లేదు" అని పాడాడు.

ఆ బాణీ మూడు మాత్రల 'అతాషి'కి కట్టింది. రెండు మాత్రల 'ఒరె' తాళం కన్నా ముందే అయిపోయింది. సంగీతం అక్కడ ఖాళీగా మోగింది, ఆయన పంక్తి ముందుకు జారిపోయింది. ముందువరసలో ఒక ముసలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తెగిన తాడు చేత పట్టుకుని ఒరె..."

"అయ్యో తాతా, 'కట్టిన', 'కట్టిన తాడు'!" అని ఎవరో అరిచారు.

"'అతాషి' అనాలి తాతా, 'ఒరె' కాదు!"

"పాపం, రాసినాయనే మర్చిపోయాడు!"

నవ్వులు లేచాయి. చెడ్డ నవ్వులు కావు, పండుగపూట ముసలివాణ్ణి చూసి నవ్వే నవ్వులు. తెత్సుజి ఏమీ వినబడక, అందరూ నవ్వుతున్నారు కదా అని తానూ నవ్వి చప్పట్లు కొట్టాడు. కిసాబురో ఆపలేదు. మూడో చోట కూడా 'ఒరె' అన్నాడు. అప్పుడు ముందు వరస ఆయనకి సాయం అందుకుంది, తర్వాత హాలంతా అందుకుంది. రెండు వందల పెళ్లిళ్లలో నోళ్లకి అలవాటైన పాట. కట్టిన తాడు, ఒడ్డు చేరే పడవ, అతాషి, అతాషి. నాలుగో 'ఒరె' మైకులోనే ఉన్నా ఎవరికీ వినబడలేదు. అయిదోది ఆయనకీ వినబడలేదు.

వేదిక మీద కుర్చీలో మిసావో నిటారుగా కూర్చుని, ఒళ్లో పువ్వులు పట్టుకుని, అందరితో కలిసి పాడుతోంది. మిగిలిన చోట్లన్నిటా 'అతాషి' అనే, ఒక్క మాత్ర తప్పకుండా.